మేట్రిక్స్ తినని రొటీన్

ఏజెంట్ బొంగరం గురించి ముందే ఒక మాట చెప్పేస్తాను. తన సర్వీసులో అతను ఒక్కసారి కూడా మోసపోలేదు, తడబడలేదు, కంటతడి పెట్టలేదు. అలాంటి మనిషిని నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. నమ్మేవాళ్ళు దగ్గరికి జరగండి. నమ్మనివాళ్ళు ఇంకాస్త దగ్గరికి జరగండి, ఈ కథ మీకోసమే.

ఒకచోట కుదురుగా ఉండలేడు గనక డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టారు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే జేబులో తాళాలు గలగలలాడిస్తాడు. ఆ ఉదయం ఒక కళ్ళద్దాల దుకాణంలో, కంటి పరీక్ష కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు. ఎదురుగా అక్షరాల బోర్డు. దాని పక్కన తెల్లకోటు వేసుకుని నిలబడ్డ మనిషి అతని చీఫ్.

"చివరి వరుస కనబడుతోందా?"

"కనబడుతోంది గాని చదవబుద్ధి కావడం లేదు."

కోడ్ సరిపోయింది. చీఫ్ తలుపు గడియ పెట్టి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. నది మీద కట్టిన కొత్త వేలాడే వంతెనకి ఇవాళ ఫైనల్ టెన్షనింగ్. అంటే వంతెనను మోసే స్టీలు కేబుళ్ళన్నిటినీ హైడ్రాలిక్ జాకీలతో లాగి, ఉండాల్సిన బిగువుకు తెస్తారు. నత్త ముఠా అనే విదేశీ రింగ్ ఈ పనిలోనే వంతెనను కూల్చాలని చూస్తోంది. ఇది కూలితే ఇకమీదట కట్టబోయే వంతెనలన్నీ తమ దేశపు కంపెనీకే దక్కుతాయని వాళ్ళ ఆశ. బాంబు పెట్టరు, తుపాకీ పేల్చరు. మరి ఏం చేస్తారో తెలియదు. ముఠా లోపల మనకో మనిషి ఉంది, ఆవిడ కోడ్ నేమ్ నెమలి.

"ఆవిడ మనవైపా, వాళ్ళవైపా?" అన్నాడు బొంగరం.

"వారాన్ని బట్టి," అన్నాడు చీఫ్. తర్వాత కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. చెడ్డవార్త చెప్పే ముందు ఆయన అద్దాలు తుడుస్తాడు. "వంతెన మీద జాకీల మెయిన్ వాల్వ్ దగ్గర డ్యూటీ మీ చెల్లెలిది. కావాలంటే ఇంకొకర్ని పంపుతాను."

ఊగుతున్న కాలు ఆగిపోయింది. చీఫ్ తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీ, తలుపు బార్లా.

చెల్లెలి దృష్టిలో అన్నయ్య వాటర్ ఫిల్టర్లు అమ్ముకునే మనిషి. కవర్ కోసం అలా చెప్పుకున్నాడు. ఆ పాపానికి ఆమె ఇంట్లో ఫిల్టరు చెడినప్పుడల్లా వెళ్ళి విప్పి, మరింత పాడుచేసి వస్తుంటాడు. నీ చేత ఎవరు కొంటున్నారన్నయ్యా అని ఆమె జాలిపడుతుంది.

నది ఒడ్డున కంట్రోల్ రూమ్. బొంగరం అక్కడికి ఏసీ మెకానిక్ వేషంలో చేరాడు. అంటించుకున్న మీసం, భుజాన సంచి, చేతిలో స్క్రూడ్రైవర్. దాని పిడిలో కెమెరా ఉంది. స్క్రూలు మాత్రం తిప్పదు. వరండాలోనే నెమలి ఎదురైంది. ఊదారంగు పొడుగు కోటు, ఎత్తు మడమలు, మనిషి కంటే ముందే వచ్చి పలకరించే సెంటు. సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రతినిధినని లోపల అందరికీ చెప్పుకుంది. కోడ్ మాట సరిగానే చెప్పి, అతని అరచేతిలో పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టింది.

"ఇది మన చెవి. మెయిన్ మెషిన్‌కి తగిలించు. ముఠావాడు ఎవడు వేలు పెట్టినా చీఫ్‌కి తెలుస్తుంది."

బొంగరం మెషిన్ వెనక దుమ్ము దులుపుతున్నట్టు వంగి పెన్‌డ్రైవ్ తగిలించాడు.

మొదట చెప్పిన మాటల్లో ఒకటి ఇక్కడ వెనక్కి తీసుకోవాలి. మోసపోలేదన్నాను కదా, మోసపోయాడు. తన చేత్తో తనే తగిలించి, థాంక్స్ కూడా చెప్పి మరీ మోసపోయాడు. ఆ సెంటు అలాంటిది.

గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న పెద్దావిడను అందరూ ఇంజినీరమ్మ అంటారు. ఏసీ విప్పినట్టు నటిస్తూ, అటూ ఇటూ తిరుగుతూ, బొంగరం ఆవిడను మాటల్లోకి దింపాడు. ఒక్కో కేబుల్‌నీ చాలినంత లాగి వదిలేస్తే సరిపోదా, ఈ కంప్యూటర్ హడావుడి అంతా ఎందుకని అడిగాడు. సరిపోదని ఆవిడ చెప్పింది. ఒక కేబుల్ బిగిస్తే పక్కవి వదులవుతాయి. పక్కవాటిని బిగిస్తే మొదటిది మళ్ళీ మారిపోతుంది. ఏది లాగితే ఏది ఎంత మారుతుందో అడ్డంగా నిలువుగా అంకెలు పేరిస్తే, అదే మేట్రిక్స్. అన్నీ ఒకేసారి సరైన బిగువుకు రావాలంటే ఒక్కోదాన్ని ఎంతెంత లాగాలన్నది ఆ సమీకరణాల జవాబు. అన్ని సమీకరణాలు చేత్తో తేల్చాలంటే జన్మ చాలదు. అందుకే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో రొటీన్ అనే రెడీమేడ్ ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. మేట్రిక్స్ అందిస్తే కన్ను మూసి తెరిచేలోగా జవాబు చేతిలో పెడుతుంది. ఆ జవాబు నేరుగా జాకీలకు వెళుతుంది.

ఆవిడ రొటీన్ నడిపింది. జవాబు వచ్చింది. వెంటనే గోడ మీద అలారం కుయ్యిమంది. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు: జవాబు తప్పు.

బొంగరం ఎగిరిపడ్డాడు. ఇంజినీరమ్మ ఆవులించి ఓకే నొక్కింది. అవతల జాకీలు లాగడం మొదలుపెట్టాయి.

"తప్పంటోంది కదమ్మా."

"అది రోజూ అనే మాటే నాయనా. పుట్టిన దగ్గర్నుంచి దానికదే జబ్బు."

జబ్బేమిటంటే, ఆ రొటీన్‌కి ఒక పాడు అలవాటుంది. మా బడిలో ఒకడుండేవాడు. పలక మీద మాస్టారు రాసిన లెక్కను చెరిపేసి, అక్కడే చిత్తు రాసుకునేవాడు. చివర్లో జవాబు ఒప్పే. లెక్కేదిరా అంటే మాత్రం బిక్కమొహం వేసేవాడు. రొటీన్ కూడా అంతే. చోటు కలిసొస్తుందని, ఇచ్చిన మేట్రిక్స్ మీదే తన చిత్తు రాసుకుంటుంది. పని అయ్యేసరికి అసలు మేట్రిక్స్‌ని తినేసి కూర్చుంటుంది. తెలిసినవాళ్ళు ముందే ఒక కాపీ తీసి దాచుకుంటారు. ఇక్కడ అలారం ప్రోగ్రామ్ రాసిన మహానుభావుడు ఆ సంగతి మరిచాడు. అలారం పని, జవాబును మేట్రిక్స్‌తో హెచ్చించి లెక్క సరిపోయిందా అని చూడడం. పాపం దానికి దొరికేది చిత్తు. ఎలా సరిపోతుంది? కేబుళ్ళ మీద గేజీలు చూస్తే మాత్రం బిగువు ప్రతిసారీ ఒప్పే. రాసినవాడు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు ఓకే నొక్కడం అలవాటు చేసుకున్నారు.

"ఇవాళ నయం," అంది ఇంజినీరమ్మ స్క్రీన్ వైపు చూసి. "రోజూ కోట్లలో చూపిస్తుంది తేడా. ఇవాళ వేలల్లోనే ఉంది. అలారానికి కూడా మంచి మూడ్ వచ్చినట్టుంది."

బొంగరానికి ఒంట్లో చీమలు పాకినట్టయింది. జేబులో తాళాలు గలగలమన్నాయి. కిటికీ దాకా నడిచి, వెనక్కొచ్చి, మళ్ళీ నడిచాడు. రోజూ పిచ్చిగా అరిచేది ఇవాళ మర్యాదగా ఎందుకు అరుస్తోంది?

"అమ్మా, ఆ మేట్రిక్స్ ఇప్పుడెలా ఉందో ఒకసారి చూపిస్తారా?"

ఏసీ మెకానిక్‌కి మేట్రిక్స్ ఎందుకని ఆవిడ అడగలేదు. నవ్వుకుంటూ తెరిచింది. నవ్వు సగంలో ఆగింది. పెట్టిన అంకెలు పెట్టినట్టే, అడ్డం నిలువు చెక్కుచెదరకుండా, బడికి మొదటి రోజు వచ్చిన పిల్లల్లా బారులు తీరి ఉన్నాయి.

"తినలేదు," అంది ఆవిడ. "ఇది మన రొటీన్ కాదు. ఎవరో మార్చేశారు."

పుట్టిన దగ్గర్నుంచి అబద్ధం చెబుతూ వచ్చిన అలారం, ఇవాళ అసలు మేట్రిక్స్ దొరకగానే మొదటిసారి నిజం చెప్పింది.

బొంగరం కళ్ళు మెషిన్ వెనక పెన్‌డ్రైవ్ మీద పడ్డాయి. ఇంజినీరమ్మ స్టాప్ బటన్ నొక్కింది. జాకీలు ఆగలేదు. వాకీటాకీ అందుకుంది. గరగర తప్ప మాట లేదు. నెమలి చెవి తన పనులన్నీ చక్కబెట్టింది. ఇక ఆపగలిగింది వంతెన మీది మెయిన్ వాల్వ్ ఒక్కటే. చేత్తో లాగే లివర్. ఇంజినీరమ్మ చెప్పులు వదిలేసి, మెట్ల మీదుగా వంతెన వైపు పరుగు తీసింది. ఆ వయసుకు, ఆ దూరానికి, ఆవిడ చేరేసరికి వంతెన ఉండదు.

తడబడలేదని కూడా అన్నాను. ఫోన్ తీస్తూ రెండుసార్లు కింద పడేశాడు. అది కూడా కొట్టేయండి.

"చెల్లీ, నీ పక్కనున్న లివర్ కిందికి లాగు."

"పనిలో ఉన్నానన్నయ్యా. ఫిల్టర్ సంగతి సాయంత్రం చూద్దాం."

"ఫిల్టర్ కాదు. నేను ఫిల్టర్లు అమ్మను. గూఢచారిని."

అవతల నవ్వు. "నువ్వా? మా కుళాయికి వాషర్ వెయ్యలేనోడివి."

ఆ నవ్వు వెనక ఇనుము మూలుగుతోంది. స్క్రీన్ మీద మధ్య కేబుల్ బిగువు చూపించే ముల్లు పసుపు దాటి ఎరుపు అంచుకు పాకుతోంది. లెక్క తప్పిందని, కేబుల్ తెగుతుందని అతను గబగబా చెప్పాడు. కంట్రోల్ రూమ్ ఆర్డరు లేకుండా ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని ఆమె అంది. తానున్నది కంట్రోల్ రూమ్‌లోనే అన్నాడు. ఇందాక గూఢచారివన్నావు, ఇంతలోనే ఇంజినీరువి అయ్యావా అంది.

ముల్లు ఎరుపును తాకింది.

"ప్లీజ్ చెల్లీ," అన్నాడు బొంగరం.

అవతల నవ్వు ఆగింది. చిన్నప్పుడు ఆమె కంచంలో సగం అడక్కుండా లాక్కున్న మనిషి, ఆమె సైకిల్ అడక్కుండా అమ్మేసిన మనిషి. ఆ నోట ఆ మాట ఆమె ఏనాడూ వినలేదు.

లివర్ పడిన చప్పుడు ఫోన్‌లో గట్టిగా వినిపించింది. ముల్లు వణికి, ఆగి, వెనక్కి జారింది.

పెన్‌డ్రైవ్ పీకేశారు. ఇంజినీరమ్మ ఆయాసపడుతూనే వెనక్కొచ్చి, అసలు రొటీన్‌ని బ్యాకప్ నుంచి తెచ్చింది. ఈసారి మేట్రిక్స్ కాపీ ముందే తీసి పక్కన దాచి, అలారానికి ఆ కాపీని చూపించింది. రొటీన్ తన వాటా తాను తినేసి జవాబిచ్చింది. అలారం మోగలేదు. మోగకపోయేసరికి సిబ్బంది అంతా కంగారుపడి లేచి నిలబడ్డారు.

మర్నాడు కళ్ళద్దాల దుకాణానికి వెళితే, పరీక్ష కుర్చీలో ఊదారంగు కోటు కూర్చుని ఉంది. బొంగరం చెయ్యి స్క్రూడ్రైవర్ మీదకు వెళ్ళింది.

"దొంగ రొటీన్ రాసింది నేనే," అంది నెమలి. "వద్దంటే ముఠా ఇంకొకరి చేత రాయించేది. అందుకే మేట్రిక్స్ తినకుండా రాశాను. పని తెలిసినవాళ్ళు ఒక్కరైనా కనిపెడతారని ఆశపడ్డాను. కనిపెట్టింది ఏసీ మెకానిక్ అని తెలిసి మనసు విరిగిపోయింది."

ముఠావాళ్ళ పేర్లన్నీ ఆమే చెప్పింది, సాయంత్రానికి అందరూ దొరికారు. ఆమె మాట నిజమో, ప్లాన్ చెడ్డాక అల్లుకున్న కథో చీఫ్‌కి ఇప్పటికీ అంతుబట్టలేదు. చెల్లెలు మాత్రం అన్నయ్య గూఢచారి అంటే ఈనాటికీ నమ్మదు. ఫిల్టర్ మళ్ళీ చెడింది, ఎప్పుడొస్తావని అడుగుతుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది, చెప్పేస్తాను. బొంగరం ఫోన్‌లో ప్లీజ్ అనలేదు. ఏడ్చాడు. ఏజెంట్ ఏడ్చాడని రాస్తే మీరు చివరిదాకా చదివేవారా?