విర్జిల్ ఆషర్ రైఫిల్ వేలం

"చెవి మిషన్‌లో బ్యాటరీ మార్చారా సార్?"

ఫోన్‌లో ఆ మాట వినగానే వేడ్ టాలివర్ చర్చి వెనక ఆపిన తన పాత ట్రక్కులోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు.

"మార్చాను. కుడి చెవి బాగానే పనిచేస్తోంది." అది జవాబు కోడ్.

అటువైపు చీఫ్ గొంతు మారింది. "విను. మొన్నామధ్య చనిపోయిన విర్జిల్ ఆషర్ రైఫిల్ ఆన్‌లైన్ వేలం ఇవాళ మధ్యాహ్నం ముగుస్తుంది. మైలు దూరంలో ఉన్న మనిషిని పడగొట్టే తుపాకీ అది. రెడ్‌ఫాక్స్ అకౌంట్ పాట పాడుతోంది. ఆ అకౌంట్ ఇంతవరకు ఒక్క వేలం ఓడిపోలేదు. అది కొన్న ప్రతి తుపాకీ సముద్రం దాటుతోంది. పరాయి దేశంలో మొన్న ఒక మంత్రిని కాల్చింది కూడా ఈ కెంటకీ కొండల్లోంచి వెళ్ళిన తుపాకీతోనే. ఈ రోజు సరుకు కదిలేలోగా రెడ్‌ఫాక్స్ ఎవరో తేలాలి."

"మార్గరెట్ వాస్ ఏమంటోంది?"

"మనిషి మీ చర్చిలోనే ఉన్నాడంటోంది. పేరు తెలియదట. మనవాళ్ళందరినీ చర్చి చుట్టూ దింపాను."

వాస్ ఆ తుపాకులు దాటించే ముఠాలోని మనిషే. కొన్నాళ్ళుగా ముఠా రహస్యాలు వేడ్ పనిచేసే ఆఫీసుకి చేరవేస్తోంది. ఊళ్ళో వాళ్ళకి మాత్రం ఆమె ఖాళీ బర్బన్ విస్కీ పీపాలు కొని విదేశాలకి పంపే వ్యాపారి. ఎర్ర బూట్లు టకటకలాడిస్తూ ఆమె నడిచొస్తుంటే ప్రసంగం చేస్తున్న పాస్టర్ కూడా ఒక క్షణం వాక్యం మరిచిపోతాడు.

వేడ్‌కి ఈ ఊళ్ళో పేరు ఎర్ల్ స్టాంపర్. భార్యను పోగొట్టుకున్నవాడు, చెవిటివాడు. చెవిలో ఉన్నది నిజానికి వైర్‌లెస్. ఆర్విల్ కూంబ్స్ తుపాకీ దుకాణంలో ఉద్యోగం. ఆన్‌లైన్‌లో గెలిచిన తుపాకీ తిన్నగా ఇంటికి రాదు. లైసెన్సున్న దుకాణానికి వస్తుంది. కొన్న మనిషిని విచారించి, పైనుంచి సరే అన్నాకే చేతికివ్వాలి. ఆర్విల్ దుకాణంలో అన్నీ సక్రమంగానే కనిపించేవి. ఆర్విల్ చర్చిలో పెద్ద. మొదటి ఆదివారమే వేడ్ పక్కన కూర్చుని, చనిపోని భార్య కోసం కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆ రోజు వేడ్ తల దించుకున్నాడు. భక్తి అనుకున్నారందరూ.

మొన్న బుధవారం ప్రార్థన కూటంలో విర్జిల్ కూతురు లొరెటా అతన్ని పక్కకి పిలిచింది.

"బ్రదర్ ఎర్ల్, ఎవరితో అనకండి. నాన్న రైఫిల్ మా పిన్ని వేలానికి పెట్టేసింది. నేను 'కార్డినల్' అన్న పేరుతో పాడబోతున్నాను. అది మా ఇల్లు దాటకూడదని ప్రార్థన చెయ్యండి."

"తప్పకుండా సిస్టర్" అన్నాడు వేడ్.

ప్రార్థన చెయ్యలేదు. శనివారం దుకాణంలో, తుపాకీ గొట్టం తుడుస్తూ, ఆ రహస్యాన్ని ఒకే ఒక మనిషి చెవిన వేశాడు.

"పాపం పిల్ల" అన్నాడు ఆర్విల్. "చనిపోయినవాడి తుపాకీకి కన్నబిడ్డ పాడుతుంటే ఎదురు పాడేవాణ్ణి ఈ కొండల్లో నేనింతవరకు చూడలేదు."

ఆ మాట నిజమని వేడ్‌కి తెలుసు. అందుకే చెప్పాడు. కార్డినల్ ఎవరో తెలిసినవాడే పాట ఆపుతాడు.

చీఫ్ ఫోన్ చేసిన ఆ ఆదివారమే, ఆరాధన అయ్యాక కింది హాల్లో భోజనాలు. చికెన్ డంప్లింగ్స్, మొక్కజొన్న రొట్టె. వేడ్ బల్ల కింద ఫోన్ పెట్టుకుని వేలం చూస్తున్నాడు. ఎవరెంత పాడినా రెడ్‌ఫాక్స్ వెంటనే పైకి పాడుతోంది. ఒక్కొక్కరే తప్పుకున్నారు. అప్పుడు 'కార్డినల్' దిగింది.

రెడ్‌ఫాక్స్ పలకలేదు.

ఎదురుగా ఆర్విల్ ఫోన్ బోర్లించి, రొట్టె ముక్కని పులుసులో ముంచి తినకుండా అలాగే పట్టుకున్నాడు.

'పాడు ఆర్విల్' అనుకున్నాడు వేడ్ మనసులో. 'ఒక్కసారి పాడు. నువ్వు కాదని నమ్ముతాను.'

గడువు అయిపోయింది. అవతలి బల్ల దగ్గర లొరెటా కేక పెట్టి, పక్కావిణ్ణి కావలించుకుని ఏడ్చేసింది. వేడ్ ముఖం ఎవరో కొట్టినట్టు మండింది. ఒక మనిషిని అతని పాపం పట్టించలేదు. అతనిలో ఇంకా మిగిలిన మంచితనం పట్టించింది. దానికి ఎర వేసిన చెయ్యి తనది. దేవుడు ఇద్దరిలో ఎవరి లెక్క ముందు అడుగుతాడో వేడ్‌కి తెలియలేదు.

వంటగదిలో ఆర్విల్ గిన్నెలు తోముతున్నాడు. వేడ్ రావడం చూసి, అలవాటుగా కుడిచెవి వైపుకి జరిగి గట్టిగా అన్నాడు. "ఏంటి బ్రదర్, అలా ఉన్నావు? కడుపులో బాగాలేదా?"

వేడ్ చెవి మిషన్ తీసి అరచేతిలో పట్టుకున్నాడు. "అరవక్కర్లేదు ఆర్విల్. నాకు రెండు చెవులూ వినపడతాయి. నేను ప్రభుత్వం మనిషిని. రెడ్‌ఫాక్స్ ఎందుకు ఆగిపోయాడు?"

ఆర్విల్ చేతిలో గిన్నె నీళ్ళలోకి జారింది.

"మరి మీ ఆవిడ?"

"బతికే ఉంది."

"మేమంతా ఏడ్చాం కదయ్యా. పోనీలే. బతికుంటే అంతే చాలు."

వేడ్ కొక్కేనికున్న తుండుగుడ్డ తీసి అతనికి అందించాడు.

"పాత తుపాకులు సరదాకి సేకరించేవాళ్ళ కోసమన్నారు" అన్నాడు ఆర్విల్ చేతులు తుడుచుకుంటూ. "కాగితాల మీద పేర్లు వాళ్ళవి, పాట నాది. మొదటిసారి నమ్మాను. తరవాత అడగడం మానేశాను. అడిగితే నిజం చెప్పేస్తారని భయం."

"ఎవరు?"

"ఆ ఎర్ర బూట్లావిడే. ఆవిడ పీపాల్లోనే వెళ్తాయి. భోజనాలు కాగానే లారీ కదులుతుందంది."

వేడ్ తలుపు సందులోంచి చూశాడు. వాస్ కుర్చీ ఖాళీ. ఆమె ఆర్విల్‌ని ఎరగా పడేసి, ఆఫీసు మొత్తాన్నీ చర్చి చుట్టూ కాపలా పెట్టించింది!

"బ్యాటరీ అయిపోయింది!" మిషన్‌లోకి అరిచాడు వేడ్. ప్రమాదానికి కోడ్ అది. "వాస్ లారీని ఆపండి!"

"రైలు గేటు దాటితే దొరకదు" అన్నాడు ఆర్విల్. "బొగ్గు రైలు అడ్డం వచ్చిందంటే ఇవతలి వాళ్ళు ఇవతలే. వాగులోంచి దగ్గర దారుంది. తాళాలియ్యి."

వేడ్ ఇచ్చాడు.

ట్రక్కు వాగు రాళ్ళ మీద ఎగిరిపడుతూ రోడ్డెక్కింది. గేటు గంట మోగుతోంది. లారీ ఆగకుండా దూసుకొస్తోంది. ఆర్విల్ పట్టాలకి ఇవతల ట్రక్కుని రోడ్డుకి అడ్డంగా తిప్పి, బ్రేకు తొక్కి, కళ్ళు మూసుకున్నాడు. లారీ కీచుమని అరుస్తూ వచ్చి, ట్రక్కు తలుపుని ముద్దు పెట్టుకున్నట్టు తాకి ఆగింది. వెనక పీపా ఒకటి దొర్లిపడి పగిలింది. విస్కీ వాసన మధ్య రైఫిళ్ళు రోడ్డు మీద పరుచుకున్నాయి. బొగ్గు రైలు నింపాదిగా వచ్చి దారి మూసేసింది.

వాస్ లారీ దిగి జుట్టు సవరించుకుంది. "మిస్టర్ స్టాంపర్, మీకు వినపడదనుకున్నానే!"

"ఊరంతా అదే అనుకుంది" అన్నాడు వేడ్. చెప్పగానే సిగ్గేసింది.

ఆఫీసు వాళ్ళు ఆర్విల్‌కి కూడా బేడీలు వేశారు. లారీని ఆపడానికి దారి చూపించింది అతనేనని వేడ్ చెప్పాడు. రాసుకున్నారు. కారు ఎక్కబోతూ ఆర్విల్ వెనక్కి తిరిగి, బేడీలతోనే వేడ్ కుడిచెవి వైపుకి నడిచొచ్చాడు. సగంలో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"అలవాటైపోయింది" అన్నాడు నెమ్మదిగా. "తుపాకీ లొరెటాకి చేరేలా చూడు. మీ ఆవిడకి నా నమస్కారం చెప్పు."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ వేడ్! కేసు ముగిసింది. ఆ చెవి మిషన్ స్టోరులో తిరిగి ఇచ్చెయ్యి."

"ఇంకొన్నాళ్ళు ఉంచుకుంటాను సార్" అన్నాడు వేడ్. "చెవుడే నయం. ఆర్విల్ మాటలు నాకు మరీ స్పష్టంగా వినపడుతున్నాయి."