అణుబాంబు వద్దన్న వకీలమ్మ

"మేడం, నల్గొండల మాకున్న కష్టాలు చాలవా? గీ అణుబాంబుల ముచ్చట మనకెందుకు?"

అడిగింది స్టూడెంట్ కాదు, ఫిజిక్స్ లెక్చరర్ పరశురాం. కాలేజీ హాల్లో పిల్లలు ఘొల్లున నవ్వారు. వేదిక మీదున్న అడ్వకేట్ మంజులత మాత్రం నవ్వలేదు.

"మీరు ఫిజిక్స్ సార్ కదా? గడియారం సెంటర్ల ఒక్క బాంబు పడితే ఎంత దూరం కాలుతదో లెక్కగట్టుండ్రి. అప్పుడు జవాబు చెప్త."

ఈసారి పిల్లలు ఆయన్ని చూసి నవ్వారు.

పంతం కొద్దీ పరశురాం ఆ సాయంత్రం మ్యాపు ముందేసుకున్నాడు. వంద కిలోటన్నుల బాంబు అనుకుని లెక్క వేసి, చుట్టూ గీత గీశాడు. గీత లోపల దవాఖాన ఉంది, బస్టాండు ఉంది, తను పాఠం చెప్పే కాలేజీ ఉంది. గీత ఊరి బయటి పానగల్ దాకా పోయింది.

మర్నాడు కోర్టుకు వెళ్లి ఆ మ్యాపు ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పు నాదే మేడం."

ఆమె పానగల్ మీద వేలు పెట్టింది. "మా బాపు గొర్లు గిక్కడనే మేస్తయి," అంది మెల్లగా.

బయట వాన మొదలైంది. కోర్టు వరండాలో ఇద్దరూ అరగంట నిలబడ్డారు. ఆమె చూడనప్పుడు ఆమెను, చూసినప్పుడు వానను చూస్తూ పరశురాం ఆ అరగంట గడిపేశాడు.

హైదరాబాద్‌లో పెద్ద లాయర్ల ఆఫీసు పిలిచినా మంజులత పోలేదు. వారమంతా నల్గొండ కోర్టులో భూమి కేసులు వాదించేది. ఆదివారం ఊళ్లు తిరిగి, అణ్వాయుధాలను నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం గురించి చెప్పి సంతకాలు సేకరించేది. ఆ వాన రోజు నుంచి ఆమెను బైక్ మీద ఊళ్లకు తీసుకుపోవడం పరశురాం పనయింది.

ఒక ఊళ్లో రిటైర్డ్ జవాను పర్వతాలు లేచి గద్దించాడు. "బాంబు లేకుంటె శత్రువు ఊకుంటడా? నీకు దేశమంటె ప్రేమ లేదా?"

కోపంగా లేవబోయిన పరశురాంను ఆమె చేత్తో ఆపింది.

"ఉన్నది కాబట్టే వచ్చిన కాకా. మనమొక్కలమే దించాలంటలేను, అన్ని దేశాలోళ్లు దించాలంటున్న. నువ్వు తుపాకి పడితే ఎదురుంగ సిపాయి ఉంటడు. బాంబుకు ఎదురుంగ ఎవరుంటరు? పసిపిల్లలు కాదా?"

పర్వతాలు మెల్లగా కూర్చున్నాడు. తర్వాత పెన్ను అడిగి సంతకం పెట్టాడు. పరశురాం మనసు ఆ రోజే పూర్తిగా ఆమెదైపోయింది. చెప్పే ధైర్యం మాత్రం మూడేళ్లయినా రాలేదు.

2022 వేసవిలో కోర్టు గుమాస్తా చల్లగా చెప్పాడు. "మేడం వియన్నా పోతాంది సార్. గా ఒప్పందపోళ్లు పిలిచిండ్రట."

అక్కడ ఉద్యోగానికే పిలిచారని, ఆమె ఇక తిరిగి రాదని అనుకుని పరశురాం ఫోన్ ఎత్తడం మానేశాడు.

నాలుగో రోజు ఆమే కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది.

"ఫోన్ ఎందుకెత్తుతలేరు?"

"మీరు పోయినంక ఎట్లుండాలెనో అలవాటు చేసుకుంటున్న."

"సార్, అది మీటింగు! వారంల వాపస్ వస్త!"

పరశురాం తెల్లమొహం వేశాడు. పగలబడి నవ్విన మంజులత మెల్లగా నవ్వు ఆపింది. "గింత మనసుల పెట్టుకొని నోరు తెరిచి చెప్పవా నువ్వు?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని ఆయనకు అర్థం కావడానికి క్షణం పట్టింది.

"నువ్వంటె పానం, మంజులా."

"గదేదో మా బాపుకు చెప్పు," అని ఆమె గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

ఆదివారం పానగల్‌లో ఆమె తండ్రి మల్లప్ప గొర్ల దొడ్డి ముందే పరశురాంను నిలబెట్టి అడిగాడు.

"మా బిడ్డ ఊళ్లు పట్టుకొని తిరుగుతది. లగ్గమైనంక బంద్ చెయ్యమంటవా?"

"అననే అనను మామా."

"అప్పుడే మామనైన్నా?"

గుమ్మంలో మంజులత పకపకా నవ్వింది. మల్లప్ప మీసాల్లోనే నవ్వుకుని, "కాళ్లు కడుక్కొని రా. బువ్వ తిందాం," అన్నాడు.

జూన్‌లో వియన్నా సభను కాబోయే మామా అల్లుళ్లు ఒకే ఫోన్ మీదికి వంగి చూశారు. మంజులత ఇంగ్లీషులో మాట్లాడుతోంది.

"ఏమంటాంది?" అన్నాడు మల్లప్ప.

"పెద్ద పెద్ద దేశాలను నిలబెట్టి అడుగుతాంది మామా, బాంబులు ఎప్పుడు దించుతరని."

ఫోన్‌లో చప్పట్లు మోగాయి. మల్లప్ప కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"రానీ బిడ్డను. శ్రావణంల లగ్గం పెట్టుకుందాం."