ఎడమకి తిరగని మెడ

“ఫోన్ చూడటం తగ్గించండి.”

ఆమె ఇంకా కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు. ఫిజియోథెరపిస్టు కాగితం మీంచి తలెత్తకుండానే తీర్పు చెప్పేశాడు.

“నా మెడ మీరింకా చూడనేలేదు.”

“ఈ వయసులో వచ్చే మెడనొప్పులన్నీ దానివల్లేనండీ. పడుకుని వీడియోలు చూడటం...”

ఆమె బ్యాగులోంచి ఫోన్ తీసి అతని బల్ల మీద టక్కున పెట్టింది. బటన్ల ఫోను. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

“ఇందులో వీడియోలు ఎక్కడొస్తాయో చూపించండి సార్. ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.”

అప్పుడు తలెత్తాడు. అడగాల్సిన ప్రశ్న మర్చిపోయినవాడిలా ఒక్క క్షణం చూశాడు. తర్వాత చెవులు ఎర్రబడి, లేచి వచ్చాడు.

ఆమెను ఇంట్లోనూ వీధిలోనూ అందరూ డిగ్రీ అని పిలుస్తారు. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కింది తనే మొదలు. నాన్న గోదాములో బస్తాలు మోస్తాడు. ఆ పిలుపు వినపడినప్పుడల్లా ఆమెకు గర్వంతో పాటు కాస్త భయం కూడా వేస్తుంది.

అతను చేతులు గట్టిగా బిగించమన్నాడు. వేళ్లలో తిమ్మిరి ఉందా, నొప్పి చేతిలోకి లాగుతోందా అని అడిగాడు. రెండూ లేవు. తల కుడివైపు హాయిగా తిరిగింది. ఎడమవైపు సగంలో ఆగిపోయింది.

“నరాలకి ఇబ్బందేం లేదు. కండరాలు పట్టేశాయి. వేడి కాపడం పెట్టండి. తల కదపకుండా బిగబట్టుకోకండి, మెల్లగా తిప్పుతూ ఉండండి. గడ్డాన్ని నేరుగా వెనక్కి లాగాలి. ఎవరైనా నచ్చని మాటంటే లాక్కుంటాం చూడండి, అలా.”

ఆమె లాగింది.

“బ్రహ్మాండం! ఇది సరిగ్గా రావడానికి కొంతమందికి వారం పడుతుంది.”

“మీరు మాట్లాడుతుంటే దానంతటదే వచ్చేస్తోంది.”

రెండు వారాలు రోజూ పొద్దున్నే రావాలన్నాడు. ఆఫీసుకు అరగంట ఆలస్యమవుతుందని కాగితం రాసిమ్మంది. ఆమె ప్రొబేషన్ ముగిసేది కూడా సరిగ్గా రెండు వారాల్లోనే. ఉద్యోగం పర్మనెంటో, ఇంటికి పొమ్మంటారో అప్పుడే తేలుతుంది. అతను కవరు అంటించి పైన ‘మేనేజరు గారికి’ అని రాశాడు. ఇంకొకరికి రాసిన కవరు విప్పడం మర్యాద కాదని ఆమె విప్పలేదు.

అదే కొంప ముంచింది.

“ఎక్కువసేపు కూర్చుని కంప్యూటర్ పని చెయ్యకూడదట,” మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “మన దగ్గర ఇంకో పనేముందమ్మా?”

“సార్, నేను అడిగింది అది కాదు...”

“డాక్టరే రాసిచ్చాక నా చేతుల్లో ఏముంటుంది? పర్మనెంట్ లిస్టులో నీ పేరు ఆపేస్తున్నా.”

ఆ సాయంత్రం గొడుగున్న వాళ్లు కూడా ఆగిపోయేంత వాన. ఆమె ఆగలేదు. తడిసి ముద్దయి క్లినిక్కులోకి వచ్చి, తలుపు కూడా వేయకుండా మొదలుపెట్టింది.

“నా ఉద్యోగం తీయించమని మిమ్మల్నెవరడిగారు?”

“మీకు కాస్త విశ్రాంతి దొరుకుతుందని...”

“విశ్రాంతి! మా నాన్న పాతికేళ్లు బస్తాలు మోసి నన్నొక కుర్చీలో కూర్చోబెట్టాడు. మీరు నాలుగు వాక్యాలతో ఆ కుర్చీ లాగేశారు! నేను చేసే పనేంటో అడిగారా? ఎలా కూర్చుంటానో అడిగారా? ఫోన్ అన్నారు, గడ్డం అన్నారు. మనిషిని అడిగారా?”

“అడగలేదు,” అన్నాడు అతను. “తప్పు నాదే.”

పోట్లాటకు సిద్ధపడి వచ్చినవాళ్లకు ఎదుటివాడు ఇంత తొందరగా ఒప్పుకోవడం అన్యాయం. ఆమె దగ్గర ఇంకా చాలా మాటలు మిగిలిపోయాయి.

అతను తువ్వాలు అందించాడు. “రేపు మీ బల్ల చూపిస్తారా?”

పాత చేతిరాత రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించడం వాళ్ల పని. గదిలో పదకొండుమంది ఆడవాళ్లు. ప్రతి బల్ల మీదా పసుపు టేపుతో రెండు చతురస్రాలు. కుడి చివర తెర, ఎడమ చివర పడుకోబెట్టిన రిజిస్టరు. ఏ వస్తువూ గీత దాటకూడదు. తనిఖీకి వచ్చేవాళ్లకు నీటుగా కనపడాలని మేనేజరు స్వయంగా కొలిచి అంటించాడు. ఒకసారి తెరను మధ్యకు జరిపినందుకు ఆమెకు మెమో కూడా వచ్చింది.

మర్నాడు ఫిజియో ఆమె కుర్చీలో కూర్చుని టైపు చేశాడు. ఇరవై నిమిషాలకే అతని చెయ్యి మెడ మీదికి వెళ్లింది.

“రోజుకి ఎన్ని పేజీలు?”

“నూట ఇరవై. పేజీకి పాతిక వరసలు.”

“అంటే రోజుకి మూడువేల సార్లు ఎడమకి వంగి, మళ్లీ కుడికి తిరుగుతున్నారు!”

“మిగతా పదిమందీ బానే ఉన్నారుగా?” అన్నాడు మేనేజరు. “ఒక్కరన్నా చెప్పారా?”

ఆమెకు ఒళ్లు మండింది. గదివైపు తిరిగింది. “అక్కా, మెడనొప్పి లేనివాళ్లు చెయ్యెత్తండి!”

ఒక్క చెయ్యీ లేవలేదు.

“ఉన్నవాళ్లు ఎత్తమన్నా నేను ఎత్తలేనే తల్లీ. నా భుజం లేవదు,” అంది వాళ్లలో పెద్దావిడ. గది గొల్లుమంది.

“మరి నాకు చెప్పరేం?” మేనేజరు గొంతు తగ్గింది.

“ఎందుకు చెప్తాం సార్? చెప్పిన పిల్ల పేరు ఆపేశారుగా,” అంది పెద్దావిడే.

ఫిజియో ముందుకొచ్చాడు. “సార్, పని చూడకుండా రాశాను. మళ్లీ రాస్తాను.” నిలబడే రాశాడు, పైకి చదివాడు. “ఈమె ఈ పని చేయగలరు. మార్చాల్సింది బల్లను.”

“అందరి బల్లలూ ఎక్కడ మారుస్తానయ్యా?”

“నా ఒక్క బల్ల మార్చనివ్వండి సార్,” అంది ఆమె. “ప్రొబేషన్ అయ్యేదాకా చూడండి. పేజీలు తగ్గితే మీరు చెప్పక్కర్లేదు, నేనే పోతా.”

జవాబు కోసం చూడకుండా గోటితో టేపు చివర పట్టుకుని చర్రున లాగేసింది.

ఆదివారం నాన్న పాత చెక్కలతో ఏటవాలు స్టాండు చేశాడు. దాని ఎత్తు చూడటానికి ఫిజియో ఇంటికి వచ్చాడు. తెర మధ్యలో, కళ్ల ఎత్తున. రిజిస్టరు దాని కిందే, స్టాండు మీద. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యాలి. అంతా చెప్పి వెళ్లబోతుండగా ఎవరో నాన్నను పక్కనుంచి పిలిచారు. నాన్న తల తిప్పలేదు, ఒళ్లంతా తిప్పి చూశాడు.

ఫిజియో ఆగిపోయాడు. “మీరోసారి కూర్చోండి.”

“నాకేం బాబూ, నాకు అలవాటే.”

అతను వదల్లేదు. బస్తా ఏ భుజం మీదికి ఎత్తుకుంటారు? ఎంత దూరం నడుస్తారు? దించేటప్పుడు ఎవరైనా సాయం పడతారా? పడుకుంటే ఎటు నొప్పి? పాతికేళ్లలో ఎవరూ అడగని ప్రశ్నలు. నాన్న మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత అరగంట చెప్పాడు. అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

గుమ్మంలో నిలబడిన ఆమె ఇంకా కోపంగానే ఉండాలని గట్టిగా నిశ్చయించుకుంది. కుదరలేదు.

“మంచోడే కదే, అలా అరుస్తావేం?” అన్నాడు నాన్న, అతను వెళ్లాక.

“అరవబట్టే విన్నాడు నాన్నా.”

గడువు నాటికి ఆమె రోజుకి ఎక్కించే పేజీలు నూట ముప్ఫై ఎనిమిదికి చేరాయి. మేనేజరు రెండుసార్లు లెక్కపెట్టించి, మారుమాట లేకుండా పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాడు. మిగతా బల్లల మీది టేపు పెద్దావిడ పీకేసింది, లేవని భుజంతోనే.

ఆ వార్త చెప్పడానికి క్లినిక్కుకు వెళ్లింది. అతను ముందు తల తిప్పమన్నాడు. తల ఎడమకి పూర్తిగా తిరిగింది. అటు కిటికీ ఉంది. చినుకులు పడుతున్నాయి.

“అయిపోయింది. ఇక మీరు రావక్కర్లేదు,” అంటూ ఫైలు మూశాడు.

“రావక్కర్లేదా? పద్నాలుగు రోజులు పొద్దున్నే వచ్చిన మనిషితో ఇంతేనా మాట?”

“పేషెంటుగా రావక్కర్లేదన్నా. పేషెంటుని అడగకూడని మాట ఒకటుంది. అందుకే ఫైలు మూసేదాకా ఆగాను.” గొంతు సవరించుకున్నాడు. “మీ నాన్నగారిని కలిసి... మన పెళ్లి గురించి అడగనా?”

“నేనిక్కడ ఎదురుగా కూర్చుంటే మా నాన్నని అడుగుతారా? ముందు నన్నడగండి!”

అడిగాడు. పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తుందా, నాన్న తమతో ఉంటాడా, ఏది ఇష్టం, ఏది పడదు, కోపం వస్తే ఎంతసేపట్లో పోతుంది... ఆమె ఒక్కొక్కదానికీ వివరంగా జవాబు చెప్పింది. బయట వాన పెద్దదైంది.

ఆఖరికి అతను తడబడుతూ, “నేను నచ్చానా?” అన్నాడు.

“అది మొదట అడగాల్సిన ప్రశ్న!” కసురుకుంటూనే కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “నచ్చకపోతే ఇంతసేపు జవాబులు చెప్తానా?”