జెల్లముల్లు కట్టు

కాకులు డ్రోన్లను పొడిచి చేపలు ఎత్తుకుపోవడం నేర్చుకున్నాక, 2081లో విశాఖ తీరంలో చేపల గంప మళ్ళీ ఆడవాళ్ళ నెత్తి మీదికే వచ్చింది. చంద్రుడి మీద హోటళ్ళు కట్టిన మనిషి, కాకి దగ్గర మాత్రం ఓడిపోయాడు.

నూకాలుకి గంప కంటే మెట్లే బరువు. రేవు నుంచి కొండవాలు పేట దాకా అన్నీ మెట్లే. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పెద్దాసుపత్రిలో మోకాళ్ళు మార్చే యంత్రం ఆమెను పడుకోబెట్టి, తూచి, "పన్నెండు కిలోలు తగ్గి రండమ్మా" అని మర్యాదగా దింపేసింది. బరువు తగ్గించే క్లినిక్కులు ఊళ్ళో బోలెడున్నాయి. కానీ అవి తెరిచే వేళకి నూకాలు రేవులో ఉంటుంది. ఒకసారి పని ఎగ్గొట్టి వెళ్తే, లిఫ్టులో జనం ముక్కులు మూసుకున్నారు. ఆమె సగంలోనే దిగిపోయింది.

డాక్టర్ మంజీరకి ఈ చిక్కు తెలుసు. వాళ్ళు క్లినిక్కుకి రాలేకపోతే క్లినిక్కే వాళ్ళ కాలికి చుట్టుకోవాలని ‘తూకపు మెట్టె’ కనిపెట్టింది. చేతికి ఏది తొడిగినా చేపలు కోసేటప్పుడు తీసేస్తారు, కాలి మెట్టె మాత్రం తీయరు. లోపలి సెన్సర్ అడుగడుగునా బరువు తూచి, ఆ లెక్క మంజీరకి పంపుతుంది. డాక్టర్లు వేగస్ నెర్వ్ అని పిలిచే ‘కడుపునాడి’కి సంకేతం పంపి ఆకలి తగ్గిస్తుంది. మాట్లాడుతుంది కూడా. ఆ మాట ఎముకల్లోంచి చెవికెక్కుతుంది కాబట్టి పక్కవాళ్ళకి వినపడదు. దీనికి మంజీర ‘ఎముకమాట’ అని పేరు పెట్టి, పేట యాస కూడా నేర్పింది.

పేటలో ప్రతి ఆడమనిషికీ ఒక డబ్బా ఉచితంగా పంచింది. పెళ్ళీ పెటాకులూ లేకుండా ప్రయోగశాలలో పెరిగిన పిల్ల. మొగుడు పోయినవాళ్ళు మెట్టెలు తీసేస్తారన్న సంగతి ఆమె బుర్రకి తట్టలేదు.

నూకాలు డబ్బా విప్పుతుంటే తోడికోడలు పోలమ్మ గుమ్మంలోంచే అందుకుంది.

"ఓలమ్మ! మరిది పోయి తొమ్మిదేళ్ళయినాది, ఇప్పుడు మెట్టెలేటే నీకు? ఎవుల్నైనా సూసుకున్నావేటి?"

"మోకాళ్ళ కోసం అప్పా."

"మోకాళ్ళ కోసమైతే మోకాలికే తొడుక్కో!"

వీధంతా పడీ పడీ నవ్వింది.

మర్నాడు నూకాలు కాలి వేలికి గుడ్డపీలిక చుట్టుకుని రేవుకొచ్చింది. ఏమైందని అడిగితే, జెల్లముల్లు గుచ్చుకుందని చెప్పింది. జెల్ల చేప ముల్లు దిగితే వేలు వాచి నెలల తరబడి సలుపుతుంది. పేటలో ఎవరూ అలాంటి కట్టు విప్పి చూపించమనరు.

కట్టు లోపల మెట్టె తన పని మొదలుపెట్టింది.

"నూకాలూ, కడుపు నిండిపోనాది. ఇంక సెయ్యి కడుక్కో."

"నోరుముయ్యి. కొడుకు పళ్ళెంలో మిగిలిపోనాది, పారీమంతావేటి?"

"పిల్లికి పెట్టీ."

"మా ఆయన కూడా నన్నిన్ని తిట్లు తిట్టనేదు."

"తిట్టనేదు నాను. తూసినాను, అంతే."

తిట్టుకుంటూనే పదకొండు కిలోలు కరిగాయి. ఇంకొక్క కిలో తగ్గితే మోకాళ్ళు. సరిగ్గా అప్పుడు మంజీర మెట్లన్నీ పరుగున ఎక్కి పేటలోకొచ్చి పడింది.

"పోలమ్మగారు బతికే ఉన్నారా? బరువు మూడో వంతుకి పడిపోయింది! రోజంతా ఆకులు తప్ప ఏమీ తినట్లేదు! పైగా గోడలెక్కుతున్నారు!"

పోలమ్మ గుమ్మం నిండా కూర్చుని పునుగులు తింటోంది. ఆమె కాలి వేలికీ ఒక కట్టు ఉంది.

"నాకేటయినాదమ్మా? జెల్లముల్లు గుచ్చుకున్నాది, అంతే కదా."

అప్పుడే గోడ మీద మేక అరిచింది. దాని కాలికి దారంతో కట్టిన మెట్టె తళుక్కుమంది. పాపం ఆ మేక! రెండాకులు నమలగానే ఎముకలోంచి "సాల్లే, ఇంకాపు" అని వినపడుతుంటే, కొన్నాళ్ళుగా ఉలిక్కిపడుతూ బతుకుతోంది. ఎండి పుల్లయింది.

మంజీర నడుం మీద చేతులు పెట్టుకుంది. "ముళ్ళు గుచ్చుకున్నవాళ్ళంతా కట్లు విప్పండి. నేను చూడాలి."

నూకాలు కట్టున్న కాలు వెనక్కి లాక్కుంది. మెట్టె బయటపడితే పేట ఊరుకోదు, తీయించేస్తుంది. ఆ ఒక్క కిలో అలాగే ఉండిపోతుంది.

ముందు పోలమ్మ విప్పింది. వేలు బోసిగా ఉంది. జనం గొల్లుమన్నారు.

"మొగుడు గుండులా ఉండగా మెట్టె తీసీసినావేటే?"

"ముద్ద ముద్దకీ తూస్తంటే ఏటి సెయ్యమంతారు? మా అత్త పోనాదని హాయిగా ఉంటే ఇది దాపురించినాది!"

ఆ గోలలో నూకాలు వంగి తన కట్టూ విప్పింది. ఇక దాచి లాభం లేదు. వెండి మెట్టె ఎండకి మెరిసింది.

ఉండాల్సిన కాలికి లేదు. ఉండకూడదన్న కాలికి ఉంది. అందరూ పోలమ్మ నోటికేసి చూశారు. ఆ నోరు లేస్తే ఎలా ఉంటుందో పేటకి తెలుసు.

పోలమ్మ నూకాలు వేలుని చూసింది. తన వేలునీ చూసుకుంది. తర్వాత కింద పడ్డ గుడ్డపీలిక తీసి, నూకాలు కాలు ఒళ్ళో పెట్టుకుని, మెట్టె మీంచి గట్టిగా చుట్టేసింది.

"ఇంకా వాపు తగ్గనేదు డాక్టరమ్మా. మరి కొన్నాళ్ళు కట్టుండాల."

"ముల్లేది?"

"లోనికి దిగిపోనాది. అగుపడదు. ఏటర్రా, అగుపడతందా ఎవులికైనా?"

ఎవరికీ కనపడలేదు. మంజీర అందరి మొహాలూ చూసి, పోలమ్మ వేలికీ కట్టు కట్టి, మేకకి విముక్తి ఇచ్చింది. తర్వాత పక్క పేటల్లో పంచిన డబ్బాలన్నిట్లో మెట్టెతో పాటు మూరెడు గుడ్డపీలిక కూడా ఉంది. ఎందుకో ఎక్కడా రాసి లేదు.

వానాకాలం పోయాక నూకాలు కొత్త మోకాళ్ళతో గంపెత్తుకుని మెట్లెక్కింది. చివరి మెట్టు మీద పైడమ్మ కాచుకుని ఉంది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయిన మనిషి. అటూ ఇటూ చూసి, బోసి కాలు ముందుకి చాపింది.

"ఒలే నూకాలూ, ఆ జెల్లముల్లేదో నాకూ ఒకటి గుచ్చవే."