తొమ్మిదో తూము గొంతుముద్ర

తొమ్మిదో తూము తలుపు సగం దిగి ఆగిపోయింది. తెర మీద అంకెలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. బాణం గుర్తు కదలదు, మీట నొక్కితే పలకదు. బయట సముద్రపు పోటు లేస్తోంది. తలుపు కింది నుంచి ఉప్పునీరు మంచినీటి కాలువలోకి నురగలు కక్కుతూ దూరుతోంది.

"పొద్దుట్నుంచి ఇది నాలుగోసారమ్మాయ్," అన్నాడు యేసుపాదం. ఇరవై రెండేళ్లుగా ఆ తూముకు కాపు అతనే. "ఆపి మళ్లీ పెడతన్నా. పన్నెండు నిమిషాలు నడుస్తంది, చస్తంది."

"జరుగు బాబాయ్." మరమ్మతుదారు నాంచారమ్మ సంచీ దించి కంప్యూటర్ పెట్టె ముందు కూర్చుంది.

కట్ట మీద గాలి ఆజ్ఞలు, అంటే తీగ లేకుండా దూరం నుంచి పంపేవి, నిషేధం. ఎవరో ఎక్కణ్నుంచో దొంగ ఆజ్ఞ పంపి ఒకే పోటుకు అరవై తూములు తెరిచిన ఏడాది నుంచి, తూముకొక పాత డెస్క్‌టాప్, దాని ముందొక మనిషి. గోడలో సాక్షి అనే మాట్లాడే పరికరం. దానికి వినడం, రాసుకోవడం తప్ప తూమును కదిపే అధికారం లేదు. తూము చెడిన ప్రతిసారీ దోషి ఎవరో ఒక పేరు దానికి చెప్పాలి.

"పోటు శిఖరానికి గంట," అంది సాక్షి. "దోషి పేరు రావలసి ఉంది."

యేసుపాదం గోడ వైపు చూసి తల దించుకున్నాడు. అతని పేరు మీద ఇప్పటికే రెండు దోషాలున్నాయి. మూడోది పడితే పని పోతుంది. పనితో పాటు కట్ట మీది ఇల్లూ పోతుంది. ఈ వయసులో భార్యను తీసుకుని ఇల్లు లేనివాళ్ల మెట్ట శిబిరానికి వెళ్లాలి.

నాంచారమ్మ ర్యామ్ పలకలు మార్చి యంత్రాన్ని మళ్లీ నడిపించింది. తలుపు జానెడు దిగింది. పన్నెండో నిమిషంలో తెర బిగుసుకుంది.

"నిజం చెప్తన్నా, పొద్దున రెండు దెబ్బలేశా," అన్నాడు యేసుపాదం. "మా అయ్య రేడియోకి అదే మందు."

"ఇది రేడియో కాదు బాబాయ్."

"తెలుసులే. అందుకే మెల్లగా కొట్టా."

ఆమె నవ్వింది. పక్క మూత తీసి చూసింది. ఫ్యాను తిరుగుతోంది. దాని కింద వేడిని లాగే లోహపు దిమ్మె చల్లగా ఉంది. దిమ్మె అంచున వేలు పెట్టి ప్రాసెసర్ వైపు జరిపి చటుక్కున తీసేసింది. కాలింది. లోపల పుట్టిన వేడి దిమ్మెకు ఎక్కడం లేదు.

కరెంటు ఆపి, నాలుగు మరలూ తిప్పి, దిమ్మె ఎత్తింది. దిమ్మెకూ ప్రాసెసర్‌కూ మధ్య వేడిని దాటించే పేస్టు పాత గోడ సున్నంలా పొడిపొడిగా రాలింది. ఆరు నెలల పేస్టు ఇలా ఉండదు. ఇది ఏడెనిమిదేళ్లది.

ఆమె నవ్వు పోయింది.

పని చేశామని గొంతుతో చెప్పే ముద్రలను సాక్షి తీసుకునేది మధ్యాహ్నం పావుగంట సేపే. అందుకే మరమ్మతుదార్లందరికీ ఒకటే అలవాటు: ముందు ముద్ర, తర్వాత పని. ఆరు నెలల కిందట ఇదే గదిలో నాంచారమ్మ "చూశాను, పేస్టు మార్చాను" అని గొంతుముద్ర వేసింది. ఇంతలో యేసుపాదం భార్య పీతల పులుసుతో అన్నం పెట్టింది. తిని, వాళ్ల అరుగు మీద కునుకు తీసి, మూడింటి పడవకు పరిగెత్తింది. పెట్టె మూత తీయలేదని పడవలో గుర్తొచ్చింది. వెనక్కి రాలేదు.

స్పిరిటుతో తుడిచి, శనగగింజంత పేస్టు పెట్టి, మరలు బిగించింది. యంత్రాన్ని మళ్లీ నడిపించింది. పన్నెండు నిమిషాలు దాటాయి. ఇరవై దాటాయి. తలుపు పూర్తిగా దిగింది. కాలువలో నురగ ఆగింది.

"దోషి పేరు చెప్పండి," అంది సాక్షి.

"యంత్రం," అంది నాంచారమ్మ.

"యంత్రాన్ని ఆరు నెలల కిందట మీరు బాగుచేశారు. ముద్ర ఉంది. కాబట్టి దోషం వాడినవారిది. అభ్యంతరం ఉంటే ఒక నిమిషం."

"నా పేరే చెప్పెయ్యమ్మాయ్," అన్నాడు యేసుపాదం. "నువ్వు చూసిన పెట్టె ఊరకే ఎందుకు చెడిపోద్ది? కొట్టింది నేనేగా."

ఆమె చెవులు మండాయి. తల ఎత్తలేకపోయింది. ఊరుకుంటే చాలు, నిమిషం తర్వాత సాక్షి అతని పేరు దానంతటదే రాసేసుకుంటుంది.

"అభ్యంతరం ఉంది," అంది. "ఆ ముద్ర అబద్ధం. నేను పెట్టె తెరవలేదు."

"ఆ ముద్ర అబద్ధమైతే మీ గొంతు చెల్లదు. మీ గొంతు చెల్లకపోతే ఈ మాటా చెల్లదు." సాక్షి ఆగింది. అది మాట మధ్యలో ఆగడం ఇద్దరూ ఎన్నడూ వినలేదు. "ఈ కట్ట మీద మీ ముద్రలు నాలుగు వందల పన్నెండు. అన్నీ సందేహంలో ఉన్నాయి. చెల్లే గొంతు కావాలి. తూము కాపు చెప్పాలి."

యేసుపాదానికి అర్థం కాలేదు. "ఏందమ్మాయ్ ఇది? ఏమంటంది?"

నాంచారమ్మ గోడ వైపు కాక అతని వైపు తిరిగింది. "ఆ రోజు మీ ఇంట్లో అన్నం తిని నిద్రపోయా బాబాయ్. పని చేయకుండానే పడవెక్కా. ఇందాక దిమ్మె ఎత్తగానే తెలిసింది. అయినా ముందు యంత్రం అన్నా."

అతను ఆమెను చూశాడు. తుండుతో ముఖం తుడుచుకుని గోడ దగ్గరికి నడిచాడు.

"దోషి పేరు," అంది సాక్షి.

"కొక్కిలిగడ్డ నాంచారమ్మ గారు," అన్నాడు.