తుడవని బంతి

లెన్ హార్‌గ్రీవ్ శవం గోల్ఫ్ మైదానంలో పద్నాలుగో హోల్ ఉన్న గ్రీన్ పక్కన, వాననీటి మడుగు అంచున దొరికింది. తల వెనక రాయి దెబ్బ. కుడిచేతి దగ్గర గోల్ఫ్ బంతి.

వరాంబా క్లబ్బులో ఒక్కరి కళ్లూ చెమర్చలేదు. మాటకు ముందు రూల్ తీసే మనిషిని ఎవరు భరిస్తారు? అతని చేత చీవాట్లు తినని సభ్యుడు లేడు, పనివాడు లేడు.

క్లబ్ ప్రెసిడెంట్ డంకన్ రూక్ అప్పుడే తేల్చేశాడు. బంతి మడుగులో పడింది. లెన్ దాన్ని బయటికి తీసి, ఫ్రీ రిలీఫ్ కింద, అంటే పెనాల్టీ లేకుండా బంతిని జరుపుకునే రూల్ ప్రకారం, పక్కన వదలబోయి, కాలుజారాడు. తప్పంతా డ్రెయిన్ బాగుచెయ్యని, మైదానం చూసుకునే గ్రీన్‌కీపర్ మార్లీ బ్రిగ్స్‌ది. ఆమె ఉద్యోగం పోయింది, క్లబ్ ఇచ్చిన ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి.

"బాగుచేస్తానంటే వద్దన్నది నువ్వే," అంది మార్లీ.

"నోరు మూసుకో."

సార్జెంట్ డెల్మా క్విర్క్ ఇద్దరినీ పట్టించుకోలేదు. శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

బంతికి మట్టి గడ్డకట్టి ఉంది. లెన్ అరచేతికి మట్టి లేదు, రెండు వేళ్ల కొసలకే ఉంది. నడుముకు కట్టుకున్న తువ్వాలు మీద మరక లేదు. గడ్డిలో, గుర్తుకు పెట్టినట్టు, ఒక నాణెం.

రాత్రి వానకు మైదానం తడవడంతో, ఉదయం ఆడడానికి వచ్చింది లెన్, రూక్ ఇద్దరే. నడుము నొప్పితో తొమ్మిదో హోల్ దగ్గరే ఆపేశానని రూక్ చెప్పాడు.

క్లబ్‌హౌస్‌లో రూక్‌నీ మార్లీనీ ఎదురుగా కూర్చోబెట్టింది డెల్మా.

"ఫ్రీ రిలీఫ్‌లో బంతి తుడవచ్చా, డంకన్?"

"తుడవచ్చు. చిన్నపిల్లలకీ తెలుసు."

"మరి లెన్ ఎందుకు తుడవలేదు?"

"తుడిచేలోపే పడిపోయుంటాడు."

"నాణెం ఎందుకు పెట్టాడు?"

రూక్ చూపు కిటికీ వైపు తిప్పాడు.

"ఫ్రీ రిలీఫ్‌లో బంతిని వేరేచోట వదులుతాం. పాతచోటుకు గుర్తు అక్కర్లేదు. తిరిగి అక్కడే పెట్టాల్సినప్పుడే గుర్తు పెట్టాలి. 'నీ బంతి నాకు అడ్డంగా ఉంది, తియ్యి' అని పక్కవాడు అడిగితే అదే పద్ధతి. అప్పుడు తుడవడం తప్పు. అందుకే లెన్ వేళ్ల కొసలతో పట్టుకున్నాడు." డెల్మా ముందుకు వంగింది. "ఒంటరిగా ఆడేవాణ్ణి బంతి తియ్యమని ఎవరడుగుతారు? పద్నాలుగో హోల్ దగ్గర మీరున్నారు."

రూక్ మొహం పాలిపోయింది.

"గడ్డిలో పడ్డ నా బంతిని నేను దొంగచాటుగా కాలితో జరపడం చూశాడట," అన్నాడు చివరికి. "సాయంత్రం బార్‌లో అందరి ముందూ చెప్తానన్నాడు. తోశాను. రాయి ఉందని చూసుకోలేదు."

"నన్ను రోడ్డు మీద పడెయ్యడానికి మాత్రం బాగా చూసుకున్నావు," అంది మార్లీ.

రూక్‌ను కారెక్కించారు. డెల్మా తిరిగొచ్చేసరికి మార్లీ ఇంకా అదే కుర్చీలో ఉంది. ఇంటికి వెళ్లమని, ఇప్పుడు ఎవరూ ఖాళీ చెయ్యమనరని డెల్మా చెప్పింది.

"రోజూ నన్ను నిలబెట్టి తిట్టినవాడే నా ఇల్లు నిలబెట్టాడు," అంది మార్లీ. "ఇక ఆ ముసలాణ్ణి తనివితీరా తిట్టుకోవడానికి కూడా లేదు."

ఆ మాట కోపంగానే అంది. కళ్లు మాత్రం తుడుచుకుంది.