పొద్దుటి సమ్మతి

నియంత్రణ గదిలో, మూడవ వరుసకు పాలను ఆపే నిలుపుసంకేతం పంపి హైమవతి కళ్లు మూసుకుంది. అలసట ఎముకల్లోకి దిగింది. అద్దానికి అవతల, సముద్రగర్భ జలశుద్ధి కేంద్రంలో, బాలింతలు యంత్రాల వద్ద నిలబడే ఉన్నారు. సంకేతం వారి స్తన్యకణాల తలుపు తట్టింది. లోపలి దూతలు ఒకరి నుంచి ఒకరికి వార్త అందించుకోగా కావలి మాంసకృత్తులు రూపు మార్చుకొని, జన్యువు పంపిన క్షీరసందేశాలను బిగబట్టాయి. మంత్రం కంఠంలోనే ఉంది, ఉచ్చారణ లేదు. పని ముగిశాక విడుపుసంకేతం అందితేనే పాలు.

స్పీకరులో అధికారి శేషశయనం గొంతు వినిపించింది. "సముద్రం పోటెత్తింది. మారుజట్టు పడవ రాదు. నిలుపు పొడిగించు."

"ఇంకా బిగిస్తే సందేశాలు ముక్కలైపోతాయండీ. పాలు శాశ్వతంగా ఇంకిపోతాయి."

"వాళ్లు కదిలితే నగరానికి నీళ్లుండవు. పొద్దుటి సమ్మతే వేసెయ్యి, ఎప్పటిలాగే."

ప్రతి నిలుపుకూ ముందుగా ఆ వరుసను నేరుగా అడగాలన్నది నియమం. వాళ్లు ఉదయం అన్న "సరే"ను రికార్డు చేసి దాచి, పొడిగించినప్పుడల్లా యంత్రానికి అదే వినిపించడం వాడుక. హైమవతి కూడా అలాగే చేస్తూ వచ్చింది.

అద్దం మీద ఎవరో తట్టారు. మూడవ వరుస పైడమ్మ. "ఏటమ్మా, మీట మీద చెయ్యేసి నిద్దరోతన్నారేటి?"

"నిద్రే వస్తే అదృష్టవంతురాలినే, పైడమ్మా."

"పడవ రానేదంట కదా! పోయినసారి మా వరుస గౌరికి ఇలాగే బిగించీసి పాలు ఎండగట్టీసినారు. నా సంటిగుంట డబ్బాపాలు పడితే కక్కీస్తాదమ్మా. పైన శిశుశాలలో గుక్కపట్టి ఏడస్తా ఉంటాది."

హైమవతి వేలు, దాచిన సమ్మతి మీట మీదికి వెళ్లి ఆగింది. పలికినవారికే తెలియక మళ్లీ మళ్లీ పలికే మాట ఏ దేవుడి చెవిని చేరుతుంది? ఆమె మైకు తెరిచింది.

"మూడవ వరుస తల్లులారా, నిలుపు పొడిగించమంటున్నారు. మీకు సమ్మతమేనా?"

యంత్రాల హోరులోంచి పైడమ్మ అంది: "సమ్మతం నేదండి." వెనుక ఇంకో గొంతు, ఇంకొకటి.

హైమవతి విడుపుసంకేతం నొక్కింది. కణకణంలో కావలి సడలింది. రవికలు తడుస్తుండగా తల్లులు పైన శిశుశాలకు మెట్లెక్కసాగారు. ఆ వరుస పంపులు ఒక్కొక్కటే మూలుగుతూ ఆగాయి.

"హైమవతీ! ఏం చేశావో తెలుసా?"

స్పీకరులో శేషశయనం అరిచాడు. అద్దానికి అవతల మొదటి వరుస, రెండవ వరుస, నాలుగవ వరుస పని ఆపి హైమవతివైపే చూస్తున్నాయి.

"మమ్మల్ని కూడా అడగండమ్మా," అంది ఎవరో.